మేము కారు కొన్న వైనం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రోజుల్లో కార్లు లేవు గనక సరిపోయింది గాని, ఉండి ఉంటే మూడోమాట కూడా తప్పకుండా చేర్చేవారు. అందులోనూ కరెంటు కారు! పెట్రోలు కారయితే ధర అడుగుతాం, మైలేజీ అడుగుతాం, రంగు ఆడవాళ్ళకు వదిలేస్తాం, బేరం ముగుస్తుంది. కరెంటు కారు కొనాలంటే మనిషి ఏకకాలంలో ఎలక్ట్రీషియనూ, గుమాస్తా, జ్యోతిష్కుడూ కావాలి. గోడలోని వైరు ఎంత బరువు లాగుతుందో తెలియాలి. నెలకు వాయిదా ఎంత పడుతుందో తెలియాలి. ఏడేళ్ళపాటు మన సంసారం ఎల్లా నడుస్తుందో అదీ తెలియాలి. మొదటి రెండూ నాకు వచ్చు. మూడోది ఎవరికి వచ్చు కనక?

మేముండేది బంజారా హిల్స్‌లో. ఆ మాట వినగానే పెద్ద బంగళా, పచ్చిక, గేటు దగ్గర సెల్యూటు కొట్టే వాచ్‌మనూ మీ కళ్ళముందు కదిలితే దయచేసి వాళ్ళను వెనక్కి పంపెయ్యండి. రోడ్డు నంబరు 12 నుంచి కిందికి జారే ఒక సందులో, ముప్ఫయ్యేళ్ళనాటి అపార్టుమెంటులో, మూడో అంతస్తులో మా కాపరం. నేను ఒక ఆఫీసులో లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. ఇంట్లో మా అమ్మ, మా ఆవిడ, అబ్బాయి, కోడలు. పిల్లలిద్దరికీ గచ్చిబౌలిలో కంప్యూటరు ఉద్యోగాలు. పధ్నాలుగేళ్ళు మమ్మల్ని మోసిన చిన్న పెట్రోలు కారు 2025 వేసవిలో ఇహ నావల్ల కాదని చేతులెత్తేసింది.

కొనేది కరెంటు కారే కావాలన్న విషయంలో మా ఇంట్లో అభిప్రాయభేదం లేదు. అప్పటికి హైదరాబాదులో లీటరు పెట్రోలు 107 రూపాయలు దాటి ఉంది. కరెంటు బళ్ళకు జీఎస్టీ 5 శాతమే. ఆపైన తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో కొత్త విధానం తెచ్చి, 2026 డిసెంబరు 31 వరకూ ఇక్కడ రిజిస్టరయ్యే కరెంటు బళ్ళకు రోడ్డు పన్నూ, రిజిస్ట్రేషను రుసుమూ పూర్తిగా మినహాయించింది. ఇన్ని చెప్పాక పెట్రోలు బండి కొంటామని ఎవరంటారు? తగాదా అంతా ఏ కరెంటు కారు అన్నదాని మీదే.

మా అబ్బాయి మనసు మహీంద్రావారి ఎక్స్‌ఈవీ 9ఇ మీద ఉంది. 2024 నవంబరులో బయటికి వచ్చిన పెద్ద ఎస్‌యూవీ. అందులోనూ వాడు కోరింది 79 యూనిట్ల బ్యాటరీ ఉన్న పైరకం. 286 గుర్రాల బలం. నిలబడ్డచోటి నుంచి గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 6.8 సెకన్లు చాలునట. ఒకసారి నింపితే పరీక్షల లెక్కలో 656 కిలోమీటర్లు. అప్పట్లో ధర షోరూములో 30.50 లక్షలు. చిన్న బ్యాటరీతో 21.90 లక్షల రకం కూడా ఉండేది గాని, మావాడి చూపు దానిమీద ఆనలేదు.

నేను చూసిపెట్టింది టాటావారి టిగోర్ ఈవీ. 2021లో వచ్చిన చిన్న సెడాన్. 26 యూనిట్ల బ్యాటరీ, 75 గుర్రాల బలం, పరీక్షల లెక్కలో 315 కిలోమీటర్లు. అన్ని హంగులూ ఉన్న రకం అప్పట్లో 13.75 లక్షలు.

మావాడి కోరిక నిన్నమొన్నటిది కాదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది గదా, వాడు టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళాడు. సెక్రటేరియట్ పక్కనుంచి కరెంటు కార్లు ఈలవేసుకుంటూ పోతుంటే చూసి వచ్చాడు. జాన్ ఎరిక్ వెర్న్ అనే ఫ్రెంచివాడు గెలిచాడు. ఆ రాత్రి నుంచి మా చిన్నకారు వాడి కంటికి ఎడ్లబండిలా కనపడసాగింది. నిజానికి కరెంటు కారుకు వేగం కొత్త విద్య ఏమీ కాదు. 1899లోనే కమీ జెనాట్సీ అనే బెల్జియం దేశస్థుడు గంటకు వంద కిలోమీటర్ల హద్దు దాటింది కరెంటు బండి మీదే. ఈ మాట చెబితే వాడి ఉత్సాహం తగ్గుతుందనుకున్నాను. "చూశావా నాన్నా, నూట పాతికేళ్ళ కిందటే!" అని రెట్టింపయింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. వాడి వాదంలో పస లేకపోలేదు. ఆ పెద్దబండికి 2025 జనవరిలో భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదు నక్షత్రాలు వచ్చాయి. నా సెడాన్‌కు 2021లో గ్లోబల్ ఎన్‌క్యాప్‌వారు ఇచ్చినవి నాలుగు. విజయవాడ రోడ్డు మీద లారీల మధ్య పోయేటప్పుడు ఆ ఒక్క నక్షత్రం తేడా తండ్రిననే నాకు కూడా తేడాగానే తోస్తుంది. విజయవాడ 280 కిలోమీటర్ల చిల్లర. పెద్దబండి మధ్యలో ఆగకుండా పోతుంది. చిన్నది రెండువందల పైచిలుకుకు నీరసపడుతుంది.

ఇన్ని బలమైన వాదాలుండగా వాడు ఒక బలహీనమైనది కూడా వాడాడు. ఇరవై లక్షలు దాటిన కారుకు అప్పట్లో మామూలుగా అయితే 18 శాతం రోడ్డు పన్ను ఉండేది. "అంటే అయిదున్నర లక్షలు ప్రభుత్వమే మనకిస్తోందమ్మా! చిన్నకారు కొంటే మిగిలేది రెండు లక్షల ముప్ఫైనాలుగువేలే" అన్నాడు.

మా ఆవిడ వంకాయ తరగడం ఆపలేదు. "అయిదున్నర మిగలడానికి ముప్ఫై ఖర్చుపెట్టాలటరా? ఆషాఢం తగ్గింపులో చీరలు అమ్మేవాడు కూడా ఇంత ధైర్యంగా చెప్పడు" అంది.

ఒక ఆదివారం అందరం కలిసి రెండు షోరూములకూ వెళ్ళాం. మా అమ్మను తీసుకువెళ్ళడం తప్పనిసరి. ఆవిడకు ఎనభై దాటాయి, మోకాళ్ళు సహకరించవు. వారానికి రెండుసార్లు పంజగుట్టలో వ్యాయామ చికిత్సకు తీసుకుపోవాలి. మనిషి పొట్టి. పెద్దబండి తలుపు తీసి లోపలికి ఒక చూపు చూసి, "బాగుందిరా, కాని ఎక్కాలంటే పీట కావాలి" అంది. చిన్నకారులో ఇట్టే కూర్చుంది గాని, లేచేటప్పుడు, "ఇందులోంచి లేవాలంటే చెయ్యి కావాలి" అంది. షోరూము కుర్రాడు నవ్వుతూ, "రెండింట్లో ఏది సుఖంగా ఉంది బామ్మగారూ?" అనడిగాడు. "పీటయితే ఇంట్లో మరిచిపోతారు నాయనా. చెయ్యి మరిచిపోలేరుగా!" అంది మా అమ్మ.

ఇంటికి వచ్చి నేను టేపు పట్టుకుని సెల్లారులోకి దిగాను. మా వాటాకు వచ్చిన స్థలం రెండు స్తంభాల మధ్య సరిగ్గా ఎనిమిది అడుగులు. పెద్దబండి వెడల్పు 1,907 మిల్లీమీటర్లు, చిన్నది 1,677. తేడా సరిగ్గా జానెడు. పొడవులో మూరన్నర పైన. పెద్దబండిని నిలిపితే అటూ ఇటూ జానెడు చొప్పున సందు మిగులుతుంది. అందులోంచి దిగాలంటే మావాడు రోజూ ఊపిరి బిగబట్టాలి.

తరవాత ప్లగ్గు సంగతి. కరెంటు కారు కొనేవాళ్ళు చాలామంది దీన్ని చివరికి ఆలోచిస్తారు. సెల్లారులో మాకు దొరికేది 15 ఆంపియర్ల ప్లగ్గు. దాన్నుంచి గంటకు సుమారు మూడు యూనిట్లు లాగవచ్చు. 26 యూనిట్ల బ్యాటరీ రాత్రి పడుకునేముందు తగిలిస్తే తెల్లవారి పాలవాడు వచ్చేసరికి నిండుతుంది. 79 యూనిట్లది నిండాలంటే ఒక పగలూ ఒక రాత్రీ దాటిపోతుంది. దానికి ఏడు కిలోవాట్ల చార్జరు పెట్టించాలి; మా మీటరుకు మంజూరైన లోడు పెంచమని దరఖాస్తు పెట్టాలి; ముప్ఫయ్యేళ్ళ వైరింగు మార్పించాలి; వీటికి ముందు అపార్టుమెంటు సంఘాన్ని ఒప్పించాలి. ఈ నాలుగింట్లో ఆఖరుదే అన్నిటికంటే ఎక్కువ కరెంటు తినేది.

"మరి ఈ కొండలు ఎక్కద్దా నాన్నా?" అన్నాడు అబ్బాయి. అది అడగవలసిన ప్రశ్నే. బంజారా హిల్స్ పేరుకు తగ్గట్టు కొండలే. వెనకటికి బంజారాలు ఎద్దుల మీద ధాన్యమూ, ఉప్పూ వేసుకుని దేశదేశాలు తిరిగేవారు. వాళ్ళ పేరే ఈ గుట్టలకు నిలిచిపోయింది. కాగితం మీద లెక్క వేశాను. నలుగురు కూర్చున్న చిన్నకారు బరువు పదిహేనువందల కిలోల చిల్లర. దాన్ని వంద మీటర్ల ఎత్తు ఎక్కించడానికి పట్టే కరెంటు అరయూనిట్టు కూడా కాదు. అందులో కొంత దిగేటప్పుడు మోటారే తిరిగి బ్యాటరీలో వేస్తుంది. పదిమీటర్లకు ఒక మీటరు లేచే ఏటవాలు మీద గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి కావలసిన బలం ఇరవై కిలోవాట్లు. చిన్నకారులో ఉన్నవి 55. పెద్దదానిలో 210. మిగిలిన బలాన్ని పంజగుట్ట సిగ్నలు దగ్గర ఏం చేసుకుంటాం? అక్కడ 6.8 సెకన్లపాటు ముందు రోడ్డు ఖాళీగా ఉండడం నేనింతవరకు చూడలేదు.

వాడు ఆఫీసుకు పోయి వచ్చే దూరం, దుర్గం చెరువు తీగెల వంతెన మీదుగా, రోజుకు ముప్ఫై కిలోమీటర్లు. అమ్మ చికిత్స, అమీర్‌పేటలో సరుకులు, జగన్నాథస్వామి గుడి అన్నీ కలిపినా వారానికి రెండువందలు దాటవు. మా ఇంటి స్లాబులో యూనిట్టు తొమ్మిది రూపాయల పైన పడుతుంది. ఆ లెక్కన చిన్నకారుకు కిలోమీటరుకు సుమారు రూపాయిన్నర. పెద్దదానికి దానిపైన ఒక పావలా. పాత పెట్రోలు కారు ఎనిమిది రూపాయలు తినేది. అంటే తిండి ఖర్చులో రెండింటికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా కొనుబడిలోనే ఉంది.

ఇదంతా శుభ్రంగా కాగితం మీద రాసి వాడి ముందు పెట్టాను. వాడు చదివి, "లెక్క బాగుంది నాన్నా. కాని మనిషి లెక్కప్రకారమే బతకాలా? ఒక్కసారేగా కొనుక్కునేది" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. డబ్బు వాడిది, కష్టం వాడిది. ముప్ఫయ్యేళ్ళవాడు పొద్దుటినుంచి రాత్రిదాకా తెరముందు కూర్చుని సంపాదించిన దాంతో ఒక సరదా తీర్చుకుంటానంటే, రిటైరైన గుమాస్తా ప్లగ్గుల లెక్కలు చెప్పి ఎంతకని ఆపుతాడు? కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

అయితే ఆ కాగితం కింద ఇంకొక లెక్క ఉంది. తొమ్మిది శాతం వడ్డీ, ఏడేళ్ళ గడువు. పెద్దబండికి పదిన్నర లక్షలు చేతినుంచి ఇచ్చి ఇరవై లక్షలు అప్పు తీసుకుంటే నెలకు వాయిదా 32,178 రూపాయలు. చిన్నదానికి అయిదు లక్షల డెబ్బయ్యయిదువేలు ఇచ్చి ఎనిమిది లక్షలు తీసుకుంటే 12,871. తేడా నెలకు 19,307. ఇంటి అప్పు వాయిదా ఎల్లాగూ ఉంది. రెండు జీతాలు వస్తున్నంత కాలం పెద్దబండి వాయిదా కూడా బరువు కాదు. అదే వాడి ధైర్యం.

కాని మా కోడలికి అప్పుడు రెండోనెల. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తెలియనిది వేరే ఉంది. అది మా అమ్మకు మాత్రమే తెలుసు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ కారు ప్రస్తావన వచ్చింది. తెలుపా, నలుపా అన్నదాకా వెళ్ళింది. మా అమ్మ మజ్జిగన్నం కలుపుకుంటూ, "ఒరే, ఆ పెద్దబండికి జీతాలు రెండు కావాలటగా. అందులో ఒకటి ఏడాదిపాటు ఆగితే బండి ఆగుతుందా?" అంది.

"ఎందుకాగుతుంది బామ్మా?" అన్నాడు వాడు.

అమ్మ జవాబు చెప్పలేదు. కోడలి వంక చూసింది. ఆ పిల్ల తలవంచుకుని గిన్నెలు సర్దుతోంది. కాసేపటికి, "బండి ఆగదులెండి బామ్మగారూ, నేనే వెళ్తాను" అంది.

అప్పుడు తెలిసింది. 2017లో చట్టం సవరించాక ప్రసూతి సెలవు జీతంతో సహా 26 వారాలు. అంటే ఆరునెలలు. ఆ ఆరునెలలూ కాగానే పసిబిడ్డను ఇంట్లో వదిలి గచ్చిబౌలి పోవడం ఆ పిల్లకు ఇష్టం లేదు. ఇంకొక ఏడాది జీతం లేకపోయినా ఇంట్లో ఉండాలని కోరిక. మొగుడు మూడేళ్ళుగా కలలు కంటున్న బండికి అడ్డు పడుతుందని నోరు విప్పలేదు. మధ్యాహ్నం బామ్మకు కాళ్ళు పడుతూ ఆవిడతో చెప్పుకుంది. పైగా ఇద్దరి ఆఫీసుల్లోనూ ముందటేడాది కొందరిని ఇంటికి పంపేశారు. రెండు నెలల నోటీసు ఉన్న ఉద్యోగాల మీద ఏడేళ్ళ వాయిదా కట్టాలి. అందులో ఒకటి తానే ఆపుకుంటానని ఏ మొహంతో చెబుతుంది?

మావాడు రెండు రోజులు కారు మాట ఎత్తలేదు. ఎవరూ ఎత్తలేదు. మా ఆవిడ అడగబోతే నేనే కళ్ళతో వారించాను. మూడోనాడు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే, "నాన్నా, ఆ కాగితం ఉందా?" అన్నాడు. ఇచ్చాను. పైలెక్కలేవీ చూడలేదు. కింద 19,307 అన్న అంకె దగ్గర వేలు పెట్టి కాసేపు నిలబడ్డాడు. పన్నెండుతో గుణిస్తే రెండు లక్షల ముప్ఫైవేల చిల్లర. దానికి చేతిలో మిగిలే నాలుగు లక్షల డెబ్బయ్యయిదువేలు కలిపితే ఏడు లక్షలు. ఆ పిల్ల ఏడాదిపాటు నిశ్చింతగా ఇంట్లో ఉండడానికి ఆ డబ్బు చాలు. వాడు పైకి ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళాడు. మర్నాడు సెడాన్‌కు అడ్వాన్సు కట్టివచ్చాడు.

ఇదంతా విని చిన్నకారు గొప్పదనీ, పెద్దకారు దండగనీ నేను అంటున్నానని అనుకోకండి. చౌకగా కొన్నందుకు ఆ మేరకు కొన్ని పోతాయి. సెప్టెంబరులో కోడల్ని పురిటికి విజయవాడ పుట్టింట్లో దింపడానికి వెళ్ళాం. దాదాపు సగం దూరంలో, సూర్యాపేట దగ్గర చార్జింగుకు ఆగాం. మా ముందు ఇంకొక బండి ఉంది. నలభై నిమిషాలు దానికోసం, ఆపైన గంటకు పైగా మాకోసం, మొత్తం రెండు గంటలు గడిచాయి. "పెద్దబండి అయితే ఈపాటికి బెజవాడలో ఉండేవాళ్ళం" అన్నాడు అబ్బాయి. నిజమే గనక నేను కాదనలేదు. అయితే రెండు గంటలకోసారి దిగి నడిపించమని డాక్టరమ్మ చెప్పి ఉన్నారు. కోడలు చెట్టునీడన అటూ ఇటూ నడిచింది. మా ఆవిడ తెచ్చిన పులిహోర అందరం తిన్నాం. పెద్దబండి అయినా దిగి నడవక తప్పేది కాదు గాని, రెండు గంటలు మాత్రం ఆగనక్కరలేదు. రోజూ విజయవాడ రోడ్డు మీద తిరిగే ఉద్యోగమై ఉంటే నేనే పెద్దబండి కొనమని చెప్పి ఉండేవాణ్ణి. ఏడాదికి నాలుగుసార్లు వెళ్ళే ఊరికోసం, మిగిలిన మూడువందల అరవై రోజులూ ఆ బరువు రోడ్డు నంబరు 12 మీద మొయ్యడం మా ఇంటికి పొసగలేదు, అంతే.

కనక కారు కొనబోయేవారికి నాకు తోచిన మాట ఒకటి చెబుతాను. షోరూముకు వెళ్ళేముందు ఒక నెలరోజులు మీరెక్కడెక్కడికి వెళ్ళారో, ఎంత దూరమో రాసుకోండి. సెల్లారులోకి దిగి ప్లగ్గు చూడండి. పెద్దవాళ్ళుంటే వెంట తీసుకువెళ్ళి రెండింట్లోనూ ఎక్కించి దింపండి. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. వీటన్నిటి తరవాత, వాయిదా అంకె కాగితం మీద వేసి, ఆ డబ్బు రావడం కోసం ఇంట్లో ఎవరు ఏది మానుకోవలసి వస్తుందో అడగండి. గట్టిగా అడిగితే చెప్పరు. అమ్మమ్మో బామ్మో ఉంటే వాళ్ళచేత అడిగించండి.

కార్తీకమాసంలో మాకు మనవరాలు పుట్టింది. ఆకుపచ్చ నంబరుప్లేటు కారులోనే ఇంటికి తెచ్చుకున్నాం. సందు మొగలో ఆ పెద్దబండి ఎప్పుడైనా ఎదురైతే మావాడు ఇప్పటికీ మెడ తిప్పి, అది మలుపు తిరిగేదాకా చూస్తాడు. చూడనీ. చూడ్డానికి వాయిదా లేదు గదా!